గోసబ్ అంటే వెళ్ళిరా

కామేశం మాస్టారు మా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. గుర్తుండడానికి కారణం ఆయన గొప్పతనం కాదు, ఆ రోజు నా తలనొప్పి. 1996, ఎండాకాలం చివర. జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు మీద రేకుల గది మాది. ఆరు కంప్యూటర్లు, వాటిలో నడిచేవి నాలుగు. పొద్దున ఆరు గంటల బ్యాచ్‌తో మొదలుపెట్టి చీకటి పడేదాకా నేనొక్కణ్ణే గొంతు చించుకునేవాణ్ణి. మా వాళ్ళందరూ కొట్ల మీద కూర్చునేవాళ్ళే. నేను మాత్రం చదువుకున్నానని చెప్పి మేడెక్కాను. "మా రాజ్‌కిరణ్ రేకుల కింద ఉడుకుతున్నాడండి" అని మా నాన్న చెన్నకేశవరావు కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు.

మాస్టారు నాకు ఎనిమిది నుంచి పది దాకా తెలుగు చెప్పారు. ఆయన ఇల్లు నందిగామలో, ఉద్యోగం జగ్గయ్యపేట హైస్కూల్లో. ఇరవై రెండేళ్ళు బస్సుల్లోనే తిరిగారు. బదిలీ పెట్టుకోమని ఎవరన్నా అంటే, "బస్సులో అయితే చదువుకోడానికి టైము దొరుకుద్దయ్యా" అనేవారు. రిటైరై రెండేళ్ళయింది. ఆ రోజు ముతక చొక్కా, పంచె, చంకలో ఒక చెప్పుల డబ్బాతో వచ్చారు.

"ఒరే కిరణూ, కంప్యూటర్లో ఆటలు ఆడిస్తారటగా. ఇదుగో, దీన్ని ఎక్కించు" అని డబ్బా నా బల్ల మీద పెట్టారు.

"సరస్వతిని చెప్పుల డబ్బాలో పెట్టారేంటి మాస్టారూ?"

"డబ్బా చెప్పులది, కథ నాది. తియ్యి మూత."

లోపల రెండు వందల పద్నాలుగు శుభలేఖలున్నాయి. ఎవరెవరి పెళ్ళిళ్ళవో. వాటి ఖాళీ వైపున సిరాతో కథ, ఒక్కో కార్డుకు ఒక అంకె. ఎప్పుడో విజయవాడలో రోడ్డు పక్క పాత పుస్తకాల దగ్గర ఆయనకు అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికిందట. అందులో చదివేవాడే కథానాయకుడు. ఎడమ దారిన నడుస్తానంటే ఒక పేజీకి, కుడి దారిన నడుస్తానంటే ఇంకో పేజీకి పంపిస్తుంది. మాస్టారికి మతి పోయింది. ఆరేళ్ళు కూర్చుని తెలుగులో తన సొంత కథ ఒకటి అలాగే రాసుకున్నారు. పేరు 'మున్నేటి అడుగు రాజ్యం'. వరద తీశాక పెనుగంచిప్రోలు దగ్గర మున్నేటి ఇసుకలో మెట్లు బయటపడతాయి. ఆ మెట్లు దిగితే దీపం ఆరిపోయిన రాజ్యం. నువ్వు వెళ్ళి దీపం తేవాలి. తెచ్చే దారి ఒక్కటే. చచ్చే దారులు ముప్పై ఒకటి.

స్కూల్లో లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలు ఆ డబ్బా చుట్టూ కూర్చుని కార్డులు లాగుతూ ఆడేవాళ్ళు. అచ్చు వేయిద్దామని పట్టుకెళ్తే, ముందుకీ వెనక్కీ అన్నేసి సార్లు తిప్పితే బైండింగ్ ఊడిపోద్దని ఒక ప్రచురణకర్త తిప్పి పంపాడు.

"మరి ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకండీ?" అన్నాను. నిజానికి నా ఉద్దేశం, ఇప్పుడు నేనెందుకండీ అని.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కంటి నరం ఎండిపోతోందిరా. వచ్చే ఏడు కార్తీకం దాటితే గొప్పన్నారు డాక్టర్లు. నా రాత నాకే ఆనట్లేదు. ఆ గాజు మీద అక్షరాలు ఇంతింత చేసి చూపిస్తే, చూపు పోయేలోపు మొత్తం ఒకసారి చదువుకుంటా. విడివిడిగా రాశాను గానీ నేనెప్పుడూ ఆ రాజ్యం మొత్తం తిరగలేదు."

సరేనన్నాను. గురుభక్తి అని ఎవరన్నా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. కాదంటే ఇంకో గంట మాట్లాడతారని భయం, అంతే.

కంప్యూటర్ లోపల బిగిస్తే తెలుగు అక్షరాలు చూపించే కార్డు ఒకటి విజయవాడలో పాతది దొరికింది. మధ్యాహ్నం రెండు బ్యాచ్‌ల మధ్య, కరెంటు ఉన్న రోజుల్లో, ఒంటి గంట నుంచి మూడు దాకా కూర్చునేవాణ్ణి. పైన రేకులు, లోపల మానిటర్ వేడి. కార్డులతో ఆడే పిల్లవాడికి సగం చెబితే మిగతా సగం వాడే పట్టుకుంటాడు. మిషనుకు అలా కుదరదు. ఒకటి నొక్కితే ఏమవ్వాలో, రెండు నొక్కితే ఏమవ్వాలో, ఏమీ నొక్కకుండా వెధవ చూపులు చూస్తూ కూర్చుంటే ఏమవ్వాలో అన్నీ ముందే రాసిపెట్టాలి. ఒక పేరా ఎక్కించడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. తల ప్రాణం తోకకొచ్చేది. "ఆ డబ్బాలో చెప్పులున్నా ఒకందుకు పనికొచ్చేవి" అనేది మా ఆవిడ చందన. నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. జవాబు చెప్పడానికి కూడా ఓపిక కావాలి.

ప్రతి కార్డు చివరా మాస్టారు ఒకే రకంగా రాశారు: "పాము పక్కనుంచి నడుస్తానంటావా, 42కి వెళ్ళిరా. పడవ ఎక్కుతానంటావా, 90కి వెళ్ళిరా." ఆయన నోటి నుంచి 'వెళ్ళు', 'పో' అన్న మాటలు మేమెవరమూ వినలేదు. అల్లరి చేసినవాణ్ణి క్లాసులోంచి గెంటేసేటప్పుడు కూడా "కాసేపు బయటికి వెళ్ళిరారా" అనేవారు. గడప దాటేవాడితో వెళ్ళు అనకూడదు, అంతే.

ఇక నా సంగతి. నాలుగేళ్ళుగా రోజుకు రెండుసార్లు బేసిక్ అనే కంప్యూటర్ భాష పాఠం చెబుతున్నాను. అందులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడానికి రెండు ఆజ్ఞలుంటాయి. పిల్లల బుర్రకెక్కాలని నేనే ఒక మాట కట్టాను. "గోటూ అంటే వెళ్ళు. పోవడమే, తిరిగి రావడం లేదు. గోసబ్ అంటే వెళ్ళిరా. పని చూసుకుని ఎక్కణ్ణుంచి వెళ్ళావో అక్కడికే రావాలి." ఈ ముక్క నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అందుకని కార్డు మీద 'వెళ్ళిరా' కనపడగానే నా వేళ్ళు గోసబ్ కొట్టాయి. రెండు వందల పద్నాలుగు కార్డులకీ అదే కొట్టాయి. మాట విషయంలో మాస్టారు అంత కచ్చితమైన మనిషి కదా, తిరిగి రమ్మనే ఆయన ఉద్దేశం అనుకున్నాను. చచ్చే పేరాల చివర తిరిగి వచ్చే ఆజ్ఞ పెట్టాను. దారి చీలే ప్రతి చోటా సున్నా నొక్కితే ఇంకో మెట్టు వెనక్కి వచ్చే ఏర్పాటు కూడా చేశాను. ఎంత తెలివైన కథ రాశారో అని మెచ్చుకున్నాను కూడా.

1997 శ్రావణంలో పని అయిపోయింది. డబ్బా తిరిగిచ్చేసి మాస్టారికి కుర్చీ వేశాను. ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా కూర్చుని, అక్షరం అక్షరం పట్టుకుని చదివారు. తన కథలో దారి తనకు తెలుసు కదా, కావాలనే పాము వైపు వెళ్ళారు. పాము కాటేసింది. 'ఇక్కడితో నీ ప్రయాణం ఆగింది' అని వచ్చింది. మాస్టారు తృప్తిగా తలూపి మీట నొక్కారు. తెర మీద మళ్ళీ పామూ పడవా ఉన్న చోటు ప్రత్యక్షమైంది.

"ఇదేంట్రా, చచ్చినవాణ్ణి మళ్ళీ లేపి నిలబెట్టింది?"

"తిరిగొచ్చాడండి. మీరే కదా వెళ్ళిరా అన్నారు."

"వెళ్ళిరా అంటే తిరిగి రమ్మనా?"

"మరేమిటండీ?"

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషికి కోపం వచ్చింది. "తప్పు చేసినవాడు మళ్ళీ ఒకటో పేరా నుంచి నడవాలిరా. పక్కనే లేచి నిలబడితే ఇంక భయం దేనికి, ఎంచుకోవడం దేనికి? పిల్లలకి ఇదేనా మనం నేర్పేది?" అని చేతికర్రతో నేల మీద కొట్టారు.

నాకూ కోపమొచ్చింది. ఏడాది పని. ఆ బేసిక్‌లో ఒకేసారి అన్నీ మార్చే వీలు లేదు. నాలుగు వందల చోట్ల లైను లైనూ పిలిచి దిద్దాలి. "రెండు నెలలు పడుతుందండి" అన్నాను. పది రోజులు పడుతుందని నాకు తెలుసు. ఆయన్ని తీసుకెళ్ళి నందిగామ బస్సు ఎక్కించాను.

నాలుగో రోజు మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి భార్య వెంకాయమ్మగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె గుమ్మంలోనే నాతో మెల్లిగా చెప్పారు. "నిన్న గ్లాసనుకుని చెంబు మీద చెయ్యేశారు నాయనా. కార్తీకం దాకా ఆగేట్టు లేదు."

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "దిద్దొద్దులేరా. అలాగే ఉండనీ. ప్రతిసారీ ఒకటి నుంచి మొదలెడితే ఆ పాము దగ్గరే నా కళ్ళు అయిపోతాయి. ఇలా అయితే చచ్చి లేచి, చచ్చి లేచి అన్నీ చూసేస్తా. రెండు వందల పద్నాలుగూ చూడాలి."

అన్నీ అంటే నూట అరవై ఏడో కార్డు కూడా.

జరిగింది ఇది. ఆ ముందు ఆషాఢంలో వాన పడి రేకుల సందులోంచి కారింది. బల్ల మీద ఆ రోజు చెయ్యాల్సిన కార్డు ఉంది. నూట అరవై ఏడు. మధ్యాహ్నం వచ్చి చూసేసరికి సిరా అంతా కరిగి నీలం మరక అయింది. వెనక పెళ్ళికూతురి పేరు చెక్కుచెదరకుండా ఉంది, కథ లేదు. నందిగామ ఎంత దూరం, బస్సెక్కితే గంట. వెళ్ళి అడిగితే మాస్టారు మళ్ళీ చెప్పేవారే. కానీ వెళ్తే ఒక పూట పోతుంది. ఆయన ఒక్క పేరా చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు నాకు జ్వరం కూడా. నూట అరవై ఏడు కథలో ఎక్కడ వస్తుందో చూశాను. పడవ వద్దని, రాణి పెట్టిన భోజనం వద్దని, ముసలామె ఇచ్చిన తాళం వద్దని, ఎదురైన ప్రతిదీ కాదన్నవాడు మాత్రమే ఆ మెట్ల దగ్గరికి చేరతాడు. ఏ పిల్లవాడు అంత దూరం వస్తాడులే అనుకుని నా సొంత ముక్కలు మూడు రాసి పడేశాను. డబ్బా తిరిగిచ్చేటప్పుడు ఆ కార్డును మిగతావాటి మధ్యలోకి తోసేశాను. ఏం రాశానో కూడా మర్చిపోయాను.

ఇప్పుడు చెప్పేయొచ్చు. మాస్టారూ, ఒక కార్డు తడిసింది, మళ్ళీ చెప్పండి, ఎక్కిస్తాను అని. ఒక్క వాక్యం. ఇన్నాళ్ళు దాచాక ఆ వాక్యం చెప్పడం కష్టమైంది. రేపు చెబుదాం అనుకున్నాను.

మాస్టారు రోజూ మధ్యాహ్నం బస్సుకు వచ్చేవారు. క్లాసులో నల్లబల్ల మీద ఒకటి నుంచి రెండు వందల పద్నాలుగు దాకా అంకెలు వేశాను. ఆయన చదివిన పేరా నేను సుద్దతో కొట్టేసేవాణ్ణి. వెంకాయమ్మగారు వెనక బల్ల మీద కూర్చుని ప్రతి చావుకీ "అయ్యో" అనేవారు. రాక్షసి మింగింది, వెనక్కి వచ్చారు. ఊబిలో దిగబడ్డారు, వెనక్కి వచ్చారు. తాను రాసిన వాక్యాలు తానే మర్చిపోయి "భలే రాశాను రా ఇక్కడ" అని చిన్నపిల్లాడిలా తొడ కొట్టుకునేవారు. ఒక చోట ఆగి "ఇది చెత్తగా ఉంది, ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆ పన్నెండు రోజులూ ఆయనంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. నేను వెనక నిలబడి నల్లబల్ల మీద నూట అరవై ఏడు వైపు చూస్తూ ఉండేవాణ్ణి. దాని చుట్టూ అంకెలన్నీ ఒక్కొక్కటీ పోతున్నాయి. మూడింటి బ్యాచ్ పిల్లలు గుమ్మం దగ్గర గొణుక్కునేవాళ్ళు.

మొదట్లో రోజుకు పాతిక పేరాలు చదివిన మనిషి చివరికి ఆరేడు దగ్గర ఆగిపోయేవారు. ఒకసారికి రెండక్షరాలు మాత్రమే కనపడుతున్నాయని చెప్పారు. మెడ పక్కకు జరుపుతూ మాటను ముక్కలు ముక్కలుగా ఏరుకునేవారు. నేను చదివి వినిపిస్తానంటే ఒప్పుకోలేదు.

పన్నెండో రోజు దీపం ఉన్న పేరా చదవడం అయిపోయింది. ఆయన వెనక్కి వాలి "ఎన్నయ్యాయిరా?" అన్నారు. నల్లబల్ల ఆయనకు ఆనదు. వెంకాయమ్మగారికి అంకెలు పట్టవు.

"అయిపోయాయండీ, అన్నీ" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది.

మాస్టారు వేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఉండిపోయారు. "లేదే. రెండు వందల పదమూడే అయినై. నేనూ లెక్కేసుకుంటూనే ఉన్నా కదరా. అన్నీ వద్దనేవాడొకడుండాలి. వాడేమయ్యాడు?"

"వద్దులెండి, టైమైపోయింది. బస్సు…"

"ఒక్కటే కదా. నేనే వెళ్తా."

సున్నాలు నొక్కుకుంటూ మొదటి మెట్టు దాకా వెనక్కి వచ్చారు. పడవ వద్దన్నారు. భోజనం వద్దన్నారు. తాళం వద్దన్నారు. ప్రతి 'వద్దు'కీ మీట మీద ఆయన వేలు తడుముకోవడం చూస్తూ, కరెంటు పోతే బాగుండునని నేను మొక్కుకున్నాను. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. నూట అరవై ఏడు తెర మీదకొచ్చింది.

మాస్టారు నుదురు గాజుకు ఆనించారు. పైకే చదివారు, ఒక్కో ముక్కా అతికించుకుంటూ.

"నువ్వు… అలిసి… పోయావు. మెట్ల మీద… కూర్చున్నావు. దీపం… ఎవరు తెస్తే… నీకేం."

ఆ తరవాత ఇంకేమీ లేదు. ప్రయాణం ఆగిందని కూడా నేను రాయలేదు. మాస్టారు తెరను వేలితో కిందిదాకా తడిమారు, ఇంకా ఏమన్నా ఉందేమోనని. తరవాత మళ్ళీ మొదటి నుంచి చదివారు. రెండోసారి పైకి చదవలేదు.

"ఇది నాది కాదు" అన్నారు.

"కార్డు తడిసిందండి. వానకి. మిమ్మల్ని అడగాల్సింది. నందిగామ రాలేక…" అన్నాను. "అబద్ధం కూడా చెప్పానండి ఇందాక."

తిడతారనుకున్నాను. కర్ర నేలకేసి కొడతారనుకున్నాను. చూపు పోయేముందు చదివే చివరి పేరా ఆయనకు దక్కకుండా చేసినవాణ్ణి, ఏమన్నా పడడానికి సిద్ధంగానే ఉన్నాను.

"అక్కడ నేను రాసిందేదో నాకూ గుర్తు లేదు. తేలో, మంటో, ఏదో అయ్యుంటుంది" అన్నారు మాస్టారు. "ముప్పై రకాలుగా చంపానురా మావాణ్ణి. పాముతో, నీళ్ళతో, రాక్షసులతో. వాడు ఊరికే అలిసిపోయి కూర్చుండిపోతాడన్నది నాకు తట్టనే లేదు."

కుర్చీలోనే నా కోసం ఇటు తిరిగారు. నేను కుడి పక్కన నిలబడి ఉంటే ఆయన ఎడమ పక్కన గోడ వైపు చూస్తున్నారు.

"ఏరా, ఇంత అలిసిపోయావా?"

ఆ ఏడాది నన్ను చాలామంది చాలా అడిగారు. ఎప్పటికవుతుంది, ఎందుకు చేస్తున్నావు, ఎన్నాళ్ళిలా అని. ఈ ముక్క ఎవరూ అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్ళవాణ్ణి, గుమ్మంలో మూడింటి బ్యాచ్ పిల్లలున్నారు, అయినా ఆగలేదు.

"అవునండీ" అన్నాను.

వెంకాయమ్మగారు బల్ల మీద ఒక పక్కకు జరిగి చోటిచ్చారు. వెళ్ళి కూర్చున్నాను.